ఇస్త్రీ మామ్మ వేలిముద్ర

జూన్ 9, సోమవారం

ఈ నోట్‌బుక్ అమ్మమ్మ ఇచ్చింది. ఒక్కటే కండిషన్, తెలుగులో రాయాలి. "ఇంగ్లీషు మీడియం పుణ్యమా అని తెలుగుని గాలికొదిలేశావు. రోజూ నాలుగు లైన్లు రాయి. నేను చదవనులే. చదివితే ఎర్రపెన్ను తియ్యకుండా ఉండలేను. మనిద్దరికీ గొడవెందుకు?" అంది.

నేను నమ్మలేదు. అందుకే దీనికి అట్లాసు అట్ట వేశాను. జాగ్రఫీ పుస్తకం జోలికి ఎవరూ రారు.

అమ్మకి ట్రైనింగ్ ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ నేనిక్కడ. నాకేం భయం లేదు.

జూన్ 11

ఈ ఊళ్ళో అమ్మమ్మని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ టీచరమ్మే. రిటైరై పన్నెండేళ్ళయినా రోడ్డు మీద కనబడితే మందుల షాపు అంకుల్ సిగరెట్టు వెనక్కి దాచేస్తాడు. ఆయనకి మనవలు కూడా ఉన్నారు. ఇవాళ అలా దాచబోయి చొక్కా కాల్చుకున్నాడు. అమ్మమ్మ చూసి, "ఏరా, ఇంకా వెనక బెంచీలోనే ఉన్నావా?" అంది. ఆయన నిజంగానే "లేదు టీచర్" అన్నాడు.

నన్ను చూసి, "మనవరాలా టీచర్? మాట్లాడదేం?" అన్నాడు.

నేను నవ్వాను. ఇక్కడికి వచ్చినప్పటినుంచీ నేను చేస్తున్న పని అదే. నోరు తెరిస్తే తెలుగులో ఇంగ్లీషు పడుతుంది, అందరూ నా మొహంలోకి చూస్తారు, నాకు గొంతు ఆరిపోతుంది.

జూన్ 15, ఆదివారం

మీటింగు. ఊరి కమిటీకి అమ్మమ్మే ప్రెసిడెంటు. ముందు అటెండెన్స్ తీసుకుంటుంది! వీధి వీధికీ పిలుస్తుంది. గడ్డాలు నెరిసినవాళ్ళు చెయ్యెత్తి "ఉన్నానండి" అంటారు. నాకు నవ్వాగలేదు. తర్వాత విషయం చెప్పింది, నవ్వు పోయింది.

ఏడున్నర బస్సు ఆపేస్తారట. ఖాళీగా తిరుగుతోందని కాగితం వచ్చింది. నేను హైస్కూలుకి వెళ్ళేది ఆ బస్సులోనే, పదకొండు కిలోమీటర్లు. నిలబడడానికి చోటుండదు, ఖాళీ ఎక్కడుందో?

ఆ బస్సు అమ్మమ్మ తెచ్చింది. అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. రిటైరైన మర్నాడు గొడుగు, నీళ్ళసీసా పట్టుకుని బస్సు ఆఫీసు మెట్ల మీద కూర్చుందట. తొమ్మిది రోజులు. పదో రోజు బస్సు ఇచ్చారట. అంతకుముందు ఈ ఊరి ఆడపిల్లలందరూ ఎనిమిదో క్లాసుతో ఆగిపోయేవారు. అమ్మ ఒక్కతే ఆగలేదు. అమ్మమ్మ రోజూ సైకిల్ మీద దింపేది, తర్వాత వెనక్కొచ్చి తన బడికి వెళ్ళేది.

ఇప్పుడు మూడొందల మంది పెద్దవాళ్ళు సంతకాలు పెట్టి అర్జీ ఇస్తే బస్సు ఉంచుతారు. ముప్పయ్యో తారీకున ఒక ఆఫీసరు వచ్చి చూస్తాడు. ఒక్క దొంగ సంతకం దొరికినా అర్జీ మొత్తం చెత్తబుట్టలోకే.

అమ్మమ్మ వీధులు పంచింది. ఒక రూలు కూడా పెట్టింది. "గుమ్మంలో నిలబడి అర్జీ మొత్తం పైకి చదవాలి. చదివి వినిపించకుండా ఎవరిచేతా సంతకం పెట్టించకూడదు. ఏం రాసుందో తెలియని సంతకం సంతకం కాదు."

గోడౌన్ వీధి, దాని వెనక సందు నాకు ఇచ్చింది. ముప్పై నాలుగు ఇళ్ళు. పేర్ల లిస్టు తనే రాసిచ్చింది. నేను తల ఊపాను.

జూన్ 17, మంగళవారం

అయిపోయింది. ముప్పై నాలుగూ వచ్చేశాయి. అమ్మమ్మ నా తల నిమిరి, "చూశావా, నోరు తెరిస్తే పనవుతుంది" అంది.

జూన్ 18

నిన్నటిది సరిగ్గా రాయలేదు.

మొదటి ఇంట్లో ఆవిడకి తొందర. నేను "అయ్యా, మా ఊరి నుంచి" అనేలోపే సంతకం గీకేసి లోపలికి పోయింది. రెండో ఇంట్లో ఒకాయన కుర్చీలో కూర్చుని, "మళ్ళీ చదువు, మళ్ళీ చదువు" అని నవ్వాడు. లోపలినుంచి ఇంకొకాయన్ని పిలిచి, "ఈ పిల్ల తెలుగు వినరా" అన్నాడు. నేను కాగితం తీసుకుని వచ్చేశాను. మూడో ఇంట్లో కుక్క.

తర్వాత గోడౌన్ వెనక మెట్ల మీద కూర్చున్నాను. నా దగ్గర మూడు పెన్నులున్నాయి, లిస్టుంది, ఎడమచెయ్యి కూడా ఉంది.

ముప్పై మూడు.

వాళ్ళందరికీ బస్సు కావాలి కదా. అడిగితే పెట్టేవాళ్ళే కదా. నేను వాళ్ళ టైమ్ సేవ్ చేశాను, అంతే.

నాకేం భయం లేదు.

జూన్ 19, గురువారం

అమ్మమ్మ ఏడ్చింది.

సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ముందుగదిలో కాగితాలన్నీ పరుచుకుని కూర్చుంది. కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. నా పని అయిపోయిందనుకున్నాను. చెప్పులు కూడా విప్పలేదు.

"చిట్టీ, ఇలా రా. ఇది ఎవరు పెట్టారు?"

చూశాను. సందు చివరి ఇల్లు. ముసలావిడ అని లిస్టులో వయసు చూసి ఎడమచేత్తో వంకరగా పెట్టిన సంతకం. అది నా బెస్ట్.

"ఆవిడే" అన్నాను.

"ఇస్త్రీ ఆవిడా? తన చేత్తోనా?"

"ఊఁ."

అమ్మమ్మ ఆ కాగితాన్ని చెంపకి ఆనించుకుంది. మందుల షాపు అంకుల్ ఏదో పనిమీద వస్తే ఆయనకి చూపించింది. "ఒరేయ్, ఈ ఊళ్ళో వేలిముద్ర వేసే మనిషి ఇది ఒక్కతే. రాత్రిబడిలో నా దగ్గర మొదలుపెట్టి మధ్యలో మానేసింది. నలభై ఏళ్ళయింది. చదువు మాటెత్తితే ఇస్త్రీపెట్టె విసిరేలా చూస్తుంది. చూడు, ఎవరికీ చెప్పకుండా నేర్చేసుకుంది!"

అంకుల్ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, "నా దస్తూరీ కంటే బావుంది టీచర్" అన్నాడు.

"నీ దస్తూరీ కంటే కోడి దస్తూరీ నయం."

అసలు విషయం ఆ తర్వాత. ముప్పయ్యో తారీకున ఆఫీసరు ముందు ఆవిడని స్టేజీ మీదకి పిలిచి, ఊరందరి ఎదురుగా సంతకం పెట్టిస్తుందట. "ఇప్పుడే వెళ్ళి పొగిడితే ముడుచుకుపోతుంది. దాని సంగతి నాకు తెలుసు. ఆ రోజు దాకా ఎవరూ నోరెత్తొద్దు."

నేను ఎత్తను.

జూన్ 20

కడుపునొప్పి అని చెప్పి బడికి వెళ్ళలేదు. అబద్ధమే చెప్పాను. పది గంటలకి నిజంగానే నొప్పి వచ్చింది. అమ్మమ్మ పక్కన కూర్చుని వీపు రాసింది. రాస్తూ స్టేజీ మీద చెప్పబోయే ఉపన్యాసం ప్రాక్టీసు చేసింది.

జూన్ 21, శనివారం

వెళ్ళాను.

సందు చివర రేకు నీడ కింద బండి. బొగ్గుల ఇస్త్రీపెట్టె. ఆవిడ సన్నగా, నల్లగా, మోచేతుల దాకా కాలిన మచ్చలతో ఉంది. నేను అమ్మమ్మ చీర ఒకటి ఇచ్చాను. అది అప్పటికే ఇస్త్రీ చేసినది.

"ఇదెందుకు తెచ్చావ్?" అంది.

చెప్పేశాను. ఎలా చెప్పానో తెలీదు. తెలుగు, ఇంగ్లీషు, ఏడుపు అన్నీ కలిసిపోయాయి. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. కొడుతుందనుకున్నాను. నవ్వింది. బండి పట్టుకుని వంగిపోయి నవ్వింది. కళ్ళనీళ్ళు కొంగుతో తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

"టీచరమ్మ మనవరాలివా? నిజంగానా? అయ్యో నా తల్లీ! నలభై ఏళ్ళ నుంచి మీ అమ్మమ్మతో ఈ మాటే మొత్తుకుంటున్నానే! సంతకం ఎవరైనా పెట్టొచ్చు. నా వేలు నాకే ఉంది. ఇంకొకరు వెయ్యమను చూద్దాం! ఆవిడ వినదు. ఇవాళ నువ్వొచ్చి నా తరఫున సాక్ష్యం చెప్పావు."

నేను బతిమాలాను. నాలుగే అక్షరాలు మామ్మా, తొమ్మిది రోజులున్నాయి, నేను నేర్పిస్తాను, ప్లీజ్.

నవ్వు ఆగిపోయింది.

"నేర్చుకోను."

"ఎందుకు?"

"మీ అమ్మమ్మని అడుగు."

తర్వాత చీర మడత పెడుతూ చెప్పింది. "నేను చెప్పి నీ పరువు తియ్యను. చెప్పాల్సింది నువ్వు. ఆ రోజు స్టేజీ మీదకి పిలిచిందనుకో, వేలే వేస్తాను. అప్పుడేం జరుగుతుందో నాకు తెలీదు. నీ ఇష్టం."

ఇంటికొచ్చాను. నాకేం

జూన్ 22, ఆదివారం

మళ్ళీ వెళ్ళాను. బడి సాక్సులు తీసుకెళ్ళాను. "సాక్సులకి ఇస్త్రీ ఏంటే?" అంది మామ్మ.

"కావాలి."

"సరే. ఊరికే నిలబడకు. నా పేరు మీద సంతకం పెట్టావు కదా, అందులో ఏం రాసుందో నాకు చెప్పాలా వద్దా? చదువు."

చదివాను. గొంతు ఆరిపోయింది. రెండో లైన్లో ఆగిపోయాను.

"నీళ్ళు తాగు. మళ్ళీ మొదటినుంచి."

జూన్ 24

మామ్మ దగ్గర ఇప్పటికి పదిహేనుసార్లు చదివాను. నేను తడబడితే నవ్వదు. ఇస్త్రీ ఆపదు కూడా. "గట్టిగా. ఎదురింటికి వినబడాలి. బస్సు వాళ్ళకి కూడా కావాలి." ఒక కాలరు, ఒక లైను. ఒక చెయ్యి, ఇంకో లైను. మధ్యలో అమ్మమ్మ సంగతులు చెబుతుంది.

వరదొచ్చిన ఏడు అమ్మమ్మ బడి తాళం పగలగొట్టి ఈ సందు మొత్తాన్ని క్లాసు రూముల్లో పడుకోబెట్టిందట. పైవాళ్ళు సంజాయిషీ అడిగితే, "తాళం పగిలింది, పిల్లలు పగల్లేదు" అని రాసి పంపిందట. మామ్మ కొడుకు పుట్టింది మూడో క్లాసు రూములోనేనట. "అందుకే వాడికి లెక్కలు రావు" అంది.

"మరి అంత మంచిదైతే మీకు కోపమెందుకు?"

"మంచిది కాదని ఎవరన్నారు? సాక్సులు తీసుకుపో."

అమ్మమ్మ ఇవాళ నా సాక్సులు చూసి, "ఈ మడతలేంటే, పెళ్ళికి వెళ్తున్నాయా?" అంది.

జూన్ 25

చెప్పలేదు.

జూన్ 26, గురువారం

అమ్మమ్మ పెన్ను కొనుక్కొచ్చింది. ఆకుపచ్చ ఇంకు పెన్ను, డబ్బాలో. స్టేజీ మీద మామ్మకి ఇవ్వడానికట. డబ్బా తెరిచి నాకు చూపించింది. మూత నిమురుతూ, "నలభై ఏళ్ళు దాని ముఖం సరిగ్గా చూడలేకపోయాను చిట్టీ" అంది.

నేను లోపలికెళ్ళి ఈ నోట్‌బుక్ తెచ్చాను. జూన్ 18 పేజీ తెరిచి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

అమ్మమ్మ కళ్ళు మూసుకుంది. నిజంగా, చిన్నపిల్లలా గట్టిగా మూసుకుంది. చేత్తో తడుముకుని పుస్తకం మూసేసింది.

"చదవనని మాటిచ్చాను."

"చదువు అమ్మమ్మా. నేనే చెబుతున్నాగా."

"నోరుందిగా. నోటితో చెప్పు."

చెప్పలేననుకున్నాను. కానీ అర్జీ ఎన్నిసార్లు పైకి చదివానో. ముందు కొంచెం నీళ్ళు తాగాను. మెట్లు, మూడు పెన్నులు, ఎడమచెయ్యి. అన్నీ చెప్పాను. మామ్మ నవ్వడం కూడా.

అమ్మమ్మ కళ్ళద్దాలు తీసి పెన్ను డబ్బా పక్కన పెట్టింది. ఫ్యాను తిరుగుతోంది. అరవలేదు. అరిస్తే బావుండేది.

"ముప్పై ఎనిమిదేళ్ళు పేపర్లు దిద్దాను. కాపీ కొట్టిన పేపరు వాసనతోనే పట్టేసేదాన్ని. నీవి ముప్పై మూడు నా ఎదురుగానే ఉన్నాయి. ఒక్కటి చూశాక కళ్ళు నిండిపోయాయి, మిగతావి చూడనేలేదు. ఎందుకో తెలుసా? అది నిజమైతే బావుండునని."

"మామ్మ ఎందుకు మానేసిందో నిన్ను అడగమంది."

అమ్మమ్మ తన కుడిచెయ్యి చూసుకుంది.

"రాత్రిబడి చూడడానికి ఇన్స్పెక్టరు వస్తున్నాడు. ఇరవై రెండు మందికి సంతకం వచ్చని నేను అప్పటికే రాసి పంపేశాను. ఇరవై ఒక్క మందికి వచ్చింది. దానికి ఇంకా రాలేదు. ఇంకో నెల ఆగితే వచ్చేది. ఆగలేకపోయాను. ఆయన ముందు దాని చెయ్యి పట్టుకుని రాయించాను. ఇరవై రెండూ పూర్తయ్యాయి. నాకు మెచ్చుకోలు వచ్చింది. అది లేచి నా వైపు చూసి, 'అది నాది కాదు, నీది' అంది. అంతే. మళ్ళీ రాలేదు."

నేను ఆవిడ ఒళ్ళోంచి నోట్‌బుక్ తీసుకున్నాను.

"నువ్వు ఎడమచేత్తో చేసిన పని నేను దాని చేత్తోనే చేశాను. నిన్ను తిట్టడానికి నాకు నోరెక్కడిది?" అంది. వెంటనే, "అయినా తిడతాను. వెధవా! మూడు పెన్నులా! ఎడమచెయ్యా!" అని నా చెవి పట్టుకుంది. చాలా గట్టిగా పట్టుకుంది. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

తర్వాత ఎర్రపెన్ను తెచ్చి ముప్పై మూడు సంతకాలకీ ఒక్కొక్క గీత గీసింది. స్కేలు పెట్టి మరీ. పక్కన నా చేత రాయించింది, 'ఇవి నేను పెట్టాను' అని. నా సంతకం. అది ఒక్కటే నాది.

మిగిలినవి రెండొందల డెబ్బై ఐదు. మూడు రోజులున్నాయి.

జూన్ 27, శుక్రవారం

బడి నుంచి రాగానే బయల్దేరాం. అమ్మమ్మ గొడుగు పట్టుకుని రోడ్డు మీదే నిలబడింది. గుమ్మం ఎక్కలేదు. "నేను ఎక్కితే నా మొహం చూసి పెడతారు. నువ్వు చదివి, విన్నాక పెట్టాలి."

మొన్న నవ్విన ఆయన ఇంటికే ముందెళ్ళాను. మళ్ళీ నవ్వాడు. నేను ఆగలేదు. ఎదురింటికి వినబడేలా చదివాను. 'బస్సు వచ్చిన మొదటి ఏడు ఆరుగురు ఎక్కారు' అన్న లైను దగ్గరికొచ్చేసరికి ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఆ ఆరుగురిలో మా పెద్దది ఉందమ్మా" అన్నాడు. సంతకం పెట్టి, లోపల ఉన్నాయన చేత కూడా పెట్టించాడు.

కుక్క ఉన్న ఇంట్లో కుక్క మొత్తం విన్నాక కూర్చుంది.

మొదటి రోజు తొందరపడ్డ ఆవిడకి కూడా మళ్ళీ చదివాను. "అప్పుడే పెట్టేశానుగా" అంది. "పెట్టారు, వినలేదు" అన్నాను. వెనక రోడ్డు మీద అమ్మమ్మ గొడుగుతో నేల తట్టిన చప్పుడు.

పదకొండు వచ్చాయి.

జూన్ 28

తొమ్మిది. ఇద్దరు పెట్టం అన్నారు. "పెట్టకపోతే పెట్టరు. అడగడం మన పని" అంది అమ్మమ్మ.

నా గొంతు బొంగురుపోయింది. అదో రకంగా బావుంది.

జూన్ 29, ఆదివారం

ఐదు ఇళ్ళు పెట్టాయి. ఆరిళ్ళకి తాళం. చివరికి మామ్మ బండి. అమ్మమ్మ సందు మొదట్లోనే ఆగిపోయింది. ఎండలో గొడుగు తెరవడం కూడా మర్చిపోయింది.

మామ్మ అటు చూడలేదు. "చదువు" అంది నాతో.

"మీకు ఇప్పటికి ముప్పైసార్లు చదివాను."

"అవి ప్రాక్టీసు. ఇది అసలుది."

చదివాను. ఇంకు ప్యాడ్ తీశాను. మామ్మ బొటనవేలు తుడుచుకుని, ఒత్తి, కాగితం మీద వేసింది. ఎంత చక్కగా పడిందో. గీతలన్నీ విడివిడిగా, చెట్టు మొదలు కోస్తే కనబడేలాంటి చుట్లు.

ఇంటికెళ్ళి లెక్కపెట్టాం. మూడొందల ఒకటి.

జూన్ 30, సోమవారం

అన్నీ వరసగా రాయాలి.

బడి హాలు నిండిపోయింది. అమ్మమ్మ మామూలుగానే అటెండెన్స్ తీసుకుంది. ఆఫీసరు గారు విచిత్రంగా చూస్తూ కూర్చున్నారు. తర్వాత అర్జీ తిప్పుతూ ఎర్రగీతల పేజీ దగ్గర ఆగారు.

"ఇదేంటి?"

అమ్మమ్మ లేవలేదు. నావైపు చూసింది. నేను లేచాను. "నేను దొంగ సంతకాలు పెట్టాను సార్. కొట్టేశాం. మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి చదివి తీసుకున్నాం." హాలంతా నా మొహంలోకే చూసింది. చూడనీ.

ఆఫీసరు గారు గొంతు సవరించుకున్నారు. "ఇన్నేళ్ళ సర్వీసులో దొంగ సంతకాలు నేనే పట్టుకున్నాను కానీ, ఎవరూ గీత కొట్టి ఇవ్వలేదు" అన్నారు. ఇంకా తిప్పారు. మందుల షాపు అంకుల్ షాపు తరఫున ఒకటి, ఇంటి తరఫున ఒకటి పెట్టాడు. ఆఫీసరు గారు ఒకటి కొట్టేశారు.

"ఉత్సాహం సార్" అన్నాడు అంకుల్.

మూడొందలు.

అప్పుడు మామ్మ వేలు కనబడింది. "ఇది కుదరదండీ. వేలిముద్రలు నేను లెక్కలోకి తీసుకోను. ఏం రాసుందో వాళ్ళకి తెలీదు, ఎవరో వేయమంటే వేస్తారు."

రెండొందల తొంభై తొమ్మిది. అమ్మమ్మ కుర్చీ చేతులు పట్టుకుంది.

వెనకనుంచి మామ్మ లేచింది. "నాకు తెలుసు."

"ఏం తెలుసమ్మా?"

మామ్మ చేతులు కట్టుకుంది. ఎదురింటికి వినబడే గొంతుతో మొదలుపెట్టింది.

"అయ్యా, మా ఊరి నుంచి హైస్కూలు పదకొండు కిలోమీటర్లు. పన్నెండేళ్ళ క్రితం ఏడున్నర బస్సు లేనప్పుడు మా ఆడపిల్లల చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయేది. ఇక్కడ ఈ పిల్ల నీళ్ళు తాగుతుంది. బస్సు వచ్చిన మొదటి ఏడు ఆరుగురు ఎక్కారు. ఈ ఏడు నలభై నలుగురు ఎక్కుతున్నారు. ఇక్కడ గొంతు సవరించుకుంటుంది. మా బస్సు ఖాళీగా తిరుగుతోందని మీరు కాగితంలో రాశారు. ఒక్కరోజు ఉదయం వచ్చి, ఎక్కి, కూర్చోవడానికి చోటు దొరికితే చూడమని కోరుతున్నాం. ఇట్లు, ఈ ఊరి పెద్దలం."

ఒక్క మాట పోలేదు.

ఆఫీసరు గారు అర్జీలో వేలు పెట్టుకుని చివరిదాకా కలిపి చూసుకున్నారు. తర్వాత ముందు వరసలో ఉన్న అంకుల్‌ని అడిగారు. "మీరు రెండుసార్లు పెట్టారు కదా. ఇందులో ఏముందో చెప్పండి."

అంకుల్ లేచాడు. "బస్సు సార్."

"బస్సు గురించి ఏం?"

"కావాలని సార్."

"కూర్చోరా వెనక బెంచీ!" అంది అమ్మమ్మ. హాలు హాలంతా పగలబడి నవ్వింది. ఆఫీసరు గారు కూడా.

వేలిముద్ర పక్కన టిక్కు పెట్టారు. రేపు ఉదయం తనే బస్సెక్కి చూస్తానన్నారు.

అమ్మమ్మ ఉపన్యాసం చెప్పలేదు. రాసుకున్న కాగితం సంచిలోనే ఉండిపోయింది.

జూలై 1

ఆఫీసరు గారు నిజంగానే వచ్చారు. పదకొండు కిలోమీటర్లు ఒంటికాలి మీద నిలబడ్డారు, ఇంకో కాలికి చోటు దొరకలేదు. నా టిఫిను డబ్బా ఆయన మోచేతి కింద నలిగిపోయింది. నేను ఏం అనలేదు.

జూలై 5, శనివారం

ఉత్తరం వచ్చింది. బస్సు ఉంటుంది. ఇంకో బస్సు అవసరమేమో పరిశీలిస్తారట.

అమ్మతో ఫోన్‌లో అంతా చెప్పాను, మూడు పెన్నుల దగ్గరనుంచి. అమ్మ ముందు తిట్టింది, తర్వాత నవ్వింది, తర్వాత అడిగింది. "ఇంతసేపు మాట్లాడింది నువ్వేనా?"

సాయంత్రం అమ్మమ్మ ఉత్తరం, ఆకుపచ్చ పెన్ను, కమిటీ పుస్తకం, ఇంకు ప్యాడ్ సంచిలో పెట్టుకుంది. "రా" అంది. మామ్మ బండి దగ్గరికెళ్ళాం. ఈసారి సందు మొదట్లో ఆగలేదు.

మామ్మ పెట్టె కింద పెట్టలేదు. "సాక్సులేమైనా తెచ్చారా?"

అమ్మమ్మ పెన్ను డబ్బా తీసింది. మామ్మ చూసి, "నాకెందుకు? పిల్లకియ్యి. దానికి మూడు పెన్నులు సరిపోవటం లేదు" అంది. (దాంతోనే రాస్తున్నాను.)

అమ్మమ్మ కాసేపు నిలబడింది. ఊరందరినీ నిలబెట్టే మనిషి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది.

"ఆ రోజు నీ చెయ్యి పట్టుకోకుండా ఉండాల్సింది" అంది.

మామ్మ కాలరు తిరగేసింది. "ఊఁ."

"తప్పు నాది."

"తెలుసు."

అమ్మమ్మ కమిటీ పుస్తకం బండి మీద పెట్టి తెరిచింది. ప్రెసిడెంటు సంతకం పెట్టే చోటు ఖాళీగా ఉంది. ఇంకు ప్యాడ్ మూత తీసి బొటనవేలు ఒత్తి కాగితం మీద అదిమింది. నల్లటి మచ్చ పడింది. గీతలేం కనబడలేదు.

మామ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వంగి చూసింది.

"ఏంటిది టీచరమ్మా, కాకి తొక్కినట్టు? అంత అదమకూడదు. వేలు దానంతటది పడాలి. మళ్ళీ వెయ్యి."

అమ్మమ్మ చెయ్యి ముందుకు చాపింది. మామ్మ తన చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"నేను పట్టుకోను. నువ్వే వెయ్యి."